ముందే చెప్పించిన సాక్ష్యం

లక్ష్మీనర్సమ్మను గడ్డ చంపలేదు. మీరు చంపారు. మీ చప్పట్లు చంపాయి.

నాంపల్లి స్టేషను వెనక సందులో, ట్రంకుపెట్టెల దుకాణం మీది హాలులో శనివారం శనివారం కూడుకునే మిమ్మల్నే అంటున్నాను. కూడిక నడిపే ఫణికుమార్ అయ్యగారూ, మిమ్మల్ని. ఆడవాళ్ళ నోటి దగ్గర మైకు పెట్టే సుబ్బరత్నమ్మగారూ, మిమ్మల్ని కూడా. ముందు వరస చాపల మీద కూర్చుని, ఎవరు ఏం చెప్పినా ఆమేన్ అని అరిచే అందరినీ. దేవుడి శత్రువు అని నన్ను తోసేయడానికి వీల్లేదు. నేనూ ఆ చాపల మీదే మోకరించాను. నా బాప్తిస్మం చూసింది మీరే.

నర్సమ్మక్క ఎవరో తెలియనివాళ్ళు కూడా ఇది చదవాలి కాబట్టి మొదటి నుంచి చెబుతాను.

నేను అబిడ్స్‌లో చీరల దుకాణంలో సేల్స్ పని చేస్తాను. పక్క సందులో, మెట్ల కింద ఇరుకు చోట్లో అక్క కుట్టు మిషను పెట్టుకుని చీరలకు ఫాల్ కుట్టేది, పికో చేసేది. మా కౌంటర్లో అమ్మిన చీర ఆమె చేతి మీదుగా పోవాల్సిందే. మా దుకాణంలో ఆడపిల్లలు కూర్చోకూడదు. షట్టరు ఎత్తినప్పటి నుంచి దించేదాకా నిలబడే ఉండాలి. మధ్యాహ్నం చీరలు ఇవ్వడానికి పోతే అక్క తన స్టూలు నా వైపు నెట్టేది.

"కూసో పిల్లా. నీ కాళ్ళు చూసినవా, బూరెల లెక్క పొంగినయ్."

"సేటు చూస్తే లొల్లి జేస్తడక్కా."

"కుట్టు బాగలేదని నాతోని కొట్లాడుతున్నవనుకుంటడు. జర గట్టిగ తిట్టు నన్ను."

ఏదో చీర అంచు గురించి ఇద్దరం గట్టిగట్టిగా తిట్టుకుంటూ కూర్చునేవాళ్ళం. నవ్వు ఆపుకోలేక నేను ఆమె భుజం మీద పడేదాన్ని. మిషను తొక్కుతూనే ఆమె ప్రార్థన చేసేది. కళ్ళు మూసుకోదు, గొంతు మార్చదు. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టే. "ప్రభువా, గీ పిల్ల కాళ్ళు జర చూడు. గా సేటుకు ఇంత బుద్ధియ్యి. బుద్ధి ఇయ్యకుంటె మానె, ఒక స్టూలన్న ఇప్పియ్యి."

యేసు సంగతి నేను మొదట విన్నది ప్రసంగంలో కాదు, ఆ మెట్ల కింద. ఏది ఉంటే అదే చెప్పుకోవచ్చు, కాళ్ళ వాపు కూడా చెప్పుకోవచ్చు, ఆయన వింటాడు అనిపించింది. నా విశ్వాసం అక్కడ మొదలైంది.

ఆమె మొగుడు పెంటయ్య ఉస్మాన్‌గంజ్‌లో హమాలి. మిరపకాయ బస్తాలు మోసి ఒంటినిండా ఘాటుతో వచ్చేవాడు. ఆ ఘాటును మించి తాగిన వాసన. అక్క వరస కాబట్టి నాకు బావ, నేను ఆయనకు మరదల్ని.

"ఏం మరదలా," అనేవాడు, "మీ అక్కకు దేవుడు దొరికిండు. నాకు శుక్రవారం శుక్రవారం ఉపాసం దొరికింది."

"ఆయన నిన్ను గూడ ఎతుకుతుండు," అనేది అక్క.

"వైన్‌షాపు కాడికి రమ్మను. ఆడ్నే ఉంట."

ఎండాకాలంలో అక్క ఎడమ రొమ్ములో గడ్డ కనబడింది. సర్కారు దవాఖానకు నేనే తీసుకుపోయాను. పరీక్షలు చేశారు. క్యాన్సరే, కానీ మొదట్లోనే దొరికిందని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ చేసి మందులు వాడితే బతుకుతావు, ఆలస్యం మాత్రం చేయకు అని చెప్పి, అప్పటిదాకా వాడమని మందులిచ్చి, తారీఖు ఇచ్చింది. బయటికి రాగానే అక్క వరండాలో నన్ను పట్టుకుని ఏడ్చింది. "బతుకుతనంట పిల్లా, బతుకుతనంట."

ఇది మరిచిపోకండి. ఆమె బతికే మనిషి.

ఆ తారీఖు రాకముందే మీ సాక్ష్యాల కూడిక వచ్చింది.

జరిగిన మేలు నలుగురిలో చెప్పుకోవడం ప్రతి సంఘంలో ఉంది. మన హాలులో ఇంకొకటి ఉంది. జరగని మేలు కూడా జరిగిపోయిందని ముందే చెప్పాలి. ఉద్యోగం రాకముందే వచ్చిందనాలి, కడుపు పండకముందే పండిందనాలి. అలా నోటితో ఒప్పుకుంటేనే దేవుడు చేస్తాడట. చెప్పాక అనుమానపడితే మేలు వెనక్కి పోతుందట. చెప్పింది ఫోన్లో వీడియో తీసి మన హాలు ఛానల్లో పెడతారు, ఊరంతా చూస్తుంది.

ఆ శనివారం పెళ్ళిళ్ళ గిరాకీ. దుకాణం నన్ను వదల్లేదు. వీడియో తర్వాత చూశాను, చూస్తూనే ఉన్నాను. అక్క ఆకుపచ్చ చీరలో ముందుకు వస్తుంది. సుబ్బరత్నమ్మగారు ఆమె భుజం మీద చెయ్యి వేస్తారు.

"నాకు గడ్డయింది. ఆపరేషన్ అన్నరు. దేవుడు నన్ను బాగుజెయ్యాలె..."

"అడగడం అయిపోయిందమ్మా. అందుకున్నట్టు చెప్పు తల్లీ. విశ్వాసంతో చెప్పు."

అక్క జనం వైపు చూస్తుంది. ఎవరైనా వద్దంటారేమో అన్నట్టు చూస్తుంది. వెనక నుంచి ఎవరో "చెప్పు, చెప్పు" అంటారు.

"గడ్డ కరిగిపోయింది," అంటుంది అక్క.

ఇక చప్పట్లు. హాలు రేకులు ఊగేంత చప్పట్లు. ఎవరో ఆమె చేతిలోంచి మందుల సంచి తీసుకుని బల్ల మీద, కానుకల పక్కన పెడతారు. ఫణికుమార్ అయ్యగారు ఆ సంచిని పైకెత్తి అందరికీ చూపిస్తారు. ఏమీ అనరు. మందులు మానేయమని ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అనక్కర్లేదు. ఎత్తి చూపిస్తే చాలు.

వీడియో చివర తలుపు దగ్గర, విడిచిన చెప్పుల పక్కన పెంటయ్య బావ కనబడతాడు. భార్యను ఇంటికి తోడుకుపోదామని వచ్చినవాడు. మొహం రెండు చేతుల్లో పెట్టుకుని ఏడుస్తున్నాడు. ఆ రోజు నుంచి తాగడం మానేశాడు. శనివారం వస్తే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి మగవాళ్ళ వైపు కూర్చునేవాడు. పాటలు రావు, పెదాలు కదిలించేవాడు.

ఆపరేషన్ తారీఖు వచ్చింది, పోయింది.

"డాక్టరమ్మకు ఒక్కసారి చూపిద్దామక్కా," అని అడిగాను.

"దేవుడు చూసినంక డాక్టరమ్మ ఎందుకే?"

"మంచిదే గద. ఆమె గూడ చూసి, కరిగిందని చెప్తది. ఆమెకు గూడ సాక్ష్యమైతది."

"నీ నోట్ల మన్నుబడ," అని నవ్వింది. కానీ రాలేదు. అడిగినప్పుడల్లా స్టూలు నెట్టి మాట మార్చేది. నిజంగానే పోయిందేమోనని నాకూ ఆశ ఉండేది. కళ్ళెదురుగా మిషను తొక్కుతున్న మనిషి కదా.

వానలు పడుతున్నాయి అప్పుడు. కూడికలో పాట పాడుతూ అందరం చేతులెత్తాం. అక్క ఒక్క చెయ్యే ఎత్తింది. ఎడమ చెయ్యి కొంగు కింద ఉండిపోయింది. కొంగు భుజం చుట్టూ బిగించి లాక్కుంది. అది నేను చూశాను. కూడిక అయ్యాక ఐస్‌క్రీమ్ తిందాం రమ్మని మొజంజాహీ మార్కెట్‌కు తీసుకుపోయాను. రాతి అరుగు మీద కూర్చున్నాం.

"చెయ్యెత్తు అక్కా."

"ఏ చెయ్యి?"

"దాస్తున్న చెయ్యి."

ఎత్తలేదు. ఐస్‌క్రీమ్ కప్పు అరుగు మీద పెట్టింది.

"కరగలే పిల్లా. ఆ దినం గూడ కరగలే. ఇంటికి పోయి పట్టి చూసుకున్న, ఉన్నది. తెల్లారి కరుగుతదనుకున్న. ఎల్లుండి కరుగుతదనుకున్న. గట్లనే ఇంతదాన్క వచ్చింది."

"లే. దవాఖానకు పోదాం లే."

"ఎట్ల పోత? ఆయన పేరు మీద చెప్పిన. అందరు విన్నరు. గిప్పుడు పోయి దవాఖానల పడుకుంటె దేవుడు అబద్ధమాడినట్టు గాదా?"

"చచ్చిపోతవక్కా."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. కుడి చేత్తో.

"మీ బావను చూసినవా? పెండ్లైన కాడికెల్లి ఏడ్చిన, మొక్కిన, అలిగి మా అమ్మ తానికి పోయిన. మానలే. నా గడ్డ కరిగిందని విని మానిండు. శనివారమొస్తే నాకన్న ముందు ఆయనే తయారైతుండు. కరగలేదయ్యా, ఉత్తగ చెప్పిన అంటే ఏం జేస్తడు? మల్ల గా షాపుకే పోతడు. దేవున్ని తిట్టుకుంట పోతడు. నా పానం పోతె పోనీ. ఆయన నిలబడాలె. నువ్వు చెప్పకు. నా మీద ఒట్టు."

మొగుడి విశ్వాసానికి తన ఒళ్ళు అడ్డం పెట్టింది ఆ మనిషి. అబద్ధం ఆమె ఆడలేదు. ఆమె నోట్లో పెట్టారు. మింగలేక కక్కలేక, మిషను తొక్కుతూ, చీరలకు అంచులు కుడుతూ తిరిగింది.

మర్నాడే ఫణికుమార్ అయ్యగారి దగ్గరికి పోయాను. సుబ్బరత్నమ్మగారు కూడా అక్కడే ఉన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"అయ్యగారూ, మీరొక్క మాట అంటే ఆమె ఆపరేషన్‌కు పోతది. నర్సమ్మా, దవాఖానకు పో, దేవుడు చిన్నబుచ్చుకోడు అని అందరి ముందర చెప్పుండ్రి."

"నేను ఆమెను ఆపానా రజనీ? మందులు మానమని ఏనాడైనా చెప్పానా?"

"వాడమని చెప్పిన్రా?"

"అది ఆమె విశ్వాసానికి సంబంధించిన విషయం. ఆమె సాక్ష్యం విని ఎన్ని కుటుంబాలు ప్రభువులోకి వచ్చాయో నీకు తెలీదు. వచ్చే నెల స్వస్థత కూటాలున్నాయి. పోస్టరు మీద ఆమె ఫోటో వేశాం. కూటాలు కానీ, తర్వాత నిదానంగా మాట్లాడదాం."

"గడ్డకు చెప్పుండ్రి అయ్యగారూ, కూటాలయ్యేదాన్క ఆగుమని."

సుబ్బరత్నమ్మగారికి కోపం వచ్చింది. "యూనియన్ వాళ్ళలా ఎదురు మాటలు నీ దుకాణంలో మాట్లాడుకో అమ్మాయ్. దైవసేవకుడి ముందు కాదు."

అక్కడి నుంచి నేరుగా ఉస్మాన్‌గంజ్ పోయాను. ఒట్టు తప్పాను. తప్పినందుకు నాకు ఏ బాధా లేదు, ఇంకా ముందే తప్పే అవకాశం రానందుకే బాధ. పెంటయ్య బావ వీపు మీద బస్తా పెట్టుకునే నా మాటలు విన్నాడు. దించడం మరిచిపోయాడు. వెనక వాళ్ళు జరుగు జరుగు అని అరుస్తున్నారు.

"నా కోసమా?" అన్నాడు. "నేను తాగకుంట ఉండాలని ఆమె సస్తున్నదా?"

బస్తా అక్కడే పడేసి అబిడ్స్ దాకా నడిచాడు. నేను వెనక పరుగెత్తాను. మెట్ల కింద అక్క సూది కింద చీర పెట్టుకుని ఉంది. ఆయన మొహం చూసి అర్థం చేసుకుంది.

"రజనేనా చెప్పింది?"

"నడువ్ నర్సమ్మా."

"నేను చెప్పింది అబద్ధమని నీకు..."

"దేవుడు అబద్ధమాడిండని నేననుకోను. నువ్వాడినవని గూడ అనుకోను. నడువ్. నాకు నువ్వు గావాలె."

డాక్టరమ్మ గుర్తుపట్టింది. "ఇన్నాళ్ళు ఎక్కడికి పోయావమ్మా?" అంది. అక్క తల దించుకుంది. గడ్డ పుండైంది. చంకలోకి పాకింది, ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఆపరేషన్ చేయడానికి ఇక ఏమీ లేదు, నొప్పి తగ్గించడానికి మందులిస్తాం అన్నారు.

వార్డులో ఆమె ఉన్నన్నాళ్ళూ ఒక్కరు తప్ప మీలో ఎవరూ రాలేదు. పోస్టరు మీది మనిషి మంచం మీద ఉంటే ఎవరు వస్తారు? నేను ప్రార్థన మానేశాను. దుకాణం అయ్యాక వచ్చి ఆమె పక్కన కూర్చునేదాన్ని, అంతే. ఆమె నా కాళ్ళ వైపు చూసి "మంచం మీద పెట్టుకో పిల్లా" అనేది. చావబోయే మనిషి నా కాళ్ళ గురించి ఆలోచిస్తోంది. నాకు దేవుడి మీద కోపం, మీ మీద కోపం, రెండింటికీ తేడా తెలియలేదు.

ఒక మధ్యాహ్నం సుబ్బరత్నమ్మగారు వచ్చారు. హిమాయత్‌నగర్ నుంచి ఆటోలో, స్టీలు డబ్బాలో జావ పట్టుకుని. మంచం పక్కన నిలబడి, హాలులో మాట్లాడే గొంతుతోనే మొదలుపెట్టారు. "ఇప్పుడైనా విశ్వాసంతో ఒప్పుకో తల్లీ, ఆయనకు అసాధ్యమైనది..."

"కూసోండ్రి అమ్మగారూ," అంది అక్క. "మైకు లేదు గీడ."

పక్క మంచం ఆమె కిసుక్కున నవ్వింది. సుబ్బరత్నమ్మగారు మంచం అంచున కూర్చున్నారు.

"మీరు అప్పుడు సాక్ష్యం చెప్పమన్నరు గద. గిప్పుడు చెప్త, వినుండ్రి," అంది అక్క. ఊపిరి అందడం లేదు, ఆగి ఆగి చెప్పింది. "నాకు నయం కాలే. నొప్పున్నది. భయమైతది. భయమైనప్పుడు పిలుస్త. ఆయనొస్తడు. వచ్చి ఏం జెయ్యడు. ఊకెనే నా తాన కూసుంటడు, గీ రజని కూసున్నట్టు. లేచి పోడు. గంతే. నాకు గది సాలు అమ్మగారూ."

సుబ్బరత్నమ్మగారు జావ డబ్బా మూత తీశారు, మళ్ళీ పెట్టారు.

"మా వారు పోయినప్పుడు," అన్నారు, "ప్రభువు నాకు సంపూర్ణమైన నెమ్మది ఇచ్చాడని సాక్ష్యం చెప్పాను. చాలామంది మెచ్చుకున్నారు. నాకు ఏ నెమ్మదీ లేదు నర్సమ్మా. ఈ రోజుకీ ఆయన కంచం పెడతాను. పొరపాటున కాదు, కావాలనే పెడతాను. పెట్టి, దాని ఎదురుగా కూర్చుని తింటాను. ఎవరికీ చెప్పలేదు."

అక్క కుడి చెయ్యి ఆమె ఒళ్ళో పెట్టింది. ఇద్దరూ ఏడ్చారు. హాలులో ఇన్నేళ్ళు మీరు పెట్టిన కూడికలన్నీ ఒక ఎత్తు, ఆ మంచం ఒక ఎత్తు.

గోడకు ఆనుకుని నిలబడ్డ పెంటయ్య బావ అప్పుడు అడిగాడు. "గీ ముచ్చట్లే ఆ హాల్ల చెప్పుకుంటె ఏమైతుండె? నిజం చెప్తె మీ దేవుడు తట్టుకోడా?"

నేను ఆ మాట పట్టుకుని వార్డు బయట బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. స్నేహితుడి సమాధి దగ్గర యేసు ఏడ్చాడు. తనను చంపడానికి పట్టుకుపోయే ముందు తోటలో భయపడ్డాడు, ఇది నాకు వద్దు అని తండ్రిని అడిగాడు. సిలువ మీద, నన్నెందుకు వదిలేశావని కేక పెట్టాడు. ఆయన దేన్నీ దాచలేదు. మనం ఆయనకంటే గొప్ప విశ్వాసులమా? ఆ బెంచీ మీద మళ్ళీ నోరు తెరిచాను. "ప్రభువా, అక్క చచ్చిపోతోంది, నాకు నీ మీద కోపంగా ఉంది" అన్నాను. నాకు తెలిసి నేను చేసిన మొదటి పెద్ద ప్రార్థన అదే. ఏ జవాబూ రాలేదు. కానీ లేచి లోపలికి పోయి ఆమె పుండు కడగగలిగాను.

అబిడ్స్ దుకాణాల ముందు క్రిస్మస్ నక్షత్రాలు వేలాడుతున్న వారంలో అక్క పోయింది. బావ ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నాడు. చల్లబడ్డాక కూడా వదలలేదు. నర్సు వచ్చి వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాల్సి వచ్చింది.

పోయినవాళ్ళ కోసం పెట్టే ఆదరణ కూడిక ఆమెకు మీ హాలులోనే పెట్టారు. ఆదరణట. గోడ మీద తెర కట్టి, ఫణికుమార్ అయ్యగారు పాత వీడియో వేశారు. చచ్చిపోయిన మనిషి ఆకుపచ్చ చీరలో లేచి వచ్చి, గడ్డ కరిగిపోయింది అంది. "మన సహోదరి ఆ రోజు ఒప్పుకున్న సంపూర్ణ స్వస్థతను ఈ రోజు పరలోకంలో అనుభవిస్తోంది" అన్నారు అయ్యగారు. మీరు మళ్ళీ చప్పట్లు కొట్టారు.

పెంటయ్య బావ లేచాడు.

"ఆపుండ్రి," అన్నాడు. "గది ఆమె మాట గాదు. మీరు చెప్పిచ్చిన మాట. ఆమె మాట దవాఖానల చెప్పింది. నేను విన్న. రజని విన్నది. సుబ్బరత్నమ్మ విన్నది, అడుగుండ్రి ఆమెను."

అందరూ సుబ్బరత్నమ్మగారి వైపు తిరిగారు. ఆమె చాప వైపు చూస్తూ ఉండిపోయారు. బావ నిలబడే ఎదురుచూశాడు. "దుఃఖంలో ఉన్నారు, కూర్చోండి సహోదరా" అన్నారు అయ్యగారు. బావ తలుపు దగ్గరికి పోయి, చెప్పులేసుకుని, దిగిపోయాడు.

ఆయన మళ్ళీ తాగుడు మొదలుపెట్టాడని మీలో కొందరు అంటున్నారని విన్నాను. లేదు. తాగడం లేదు, మీ హాలుకు రావడం లేదు. మొన్న ఉస్మాన్‌గంజ్ పోతే పని లేని వేళ బస్తాల మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. "ప్రభువా, ఆమె లేదు" అంటున్నాడు. మళ్ళీ అదే. ఇంకేమీ అడగడం లేదు. అక్క తన ప్రాణం పోగొట్టుకుని కాపాడాలనుకున్న విశ్వాసం నిజం తెలిశాక కూడా ఆయనలో నిలబడింది. ఆమెకు చెప్పడానికి ఆమె లేదు. తట్టుకోలేకపోతున్నది నాకు ఇదే. ఆమె దాచనక్కర్లేదు. ఒక్కనాడు కూడా దాచనక్కర్లేదు.

ఇప్పుడు వినండి. ఆ వీడియో ఇంకా మీ ఛానల్లోనే ఉంది. దాని కింద నిన్న ఒకామె రాసింది. నాకూ గడ్డ ఉంది, ఆపరేషన్ మానుకుని మీ సహోదరిలాగా విశ్వసించాలనుకుంటున్నాను, ప్రార్థించండి అని. మీ వాళ్ళెవరో ఆమేన్ అని జవాబు పెట్టారు.

ఆ వీడియో శనివారం దాకా ఉండకూడదు, ఈ రోజే తీసేయండి. శనివారం సుబ్బరత్నమ్మగారు లేచి నర్సమ్మక్క వార్డులో చెప్పింది ఒక్క మాట వదలకుండా చెప్పాలి, తన కంచం సంగతి కూడా చెప్పాలి. అయ్యగారు కింద చాప మీద కూర్చుని వినాలి. నయం కానివాళ్ళు, ఉద్యోగం రానివాళ్ళు, నెమ్మది దొరకనివాళ్ళు లేచి ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. రోగం చెప్పుకున్న ప్రతి మనిషి వెంట మనలో ఒకరు దవాఖాన దాకా పోవాలి, పోయి వరసలో నిలబడాలి.

ఇవన్నీ శనివారం. దానికంటే ముందు, ఆ రాసినామె ఎవరో, ఏ ఊరో కనుక్కోండి. ఆపరేషన్‌కు పొమ్మని చెప్పండి. తోడు లేదంటే నేను పోతాను, సేటు పనిలోంచి తీసేసినా సరే పోతాను. కూటాలు, పోస్టర్లు, ప్రార్థనలు అన్నీ పక్కన పెట్టి ఫోన్ తీయండి. ఇప్పుడే మాట్లాడండి ఆమెతో.